కలివికోడిని కనిపెట్టింది ఎవరు?

పోటీ పరీక్షల గైడ్లలో ఈ బిట్టు తరచూ కనిపిస్తుంది. 'కలివికోడిని మొదట కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు?' జవాబు: టి.సి. జెర్డాన్. దాని కిందనే ఇంకో బిట్టు. '1986లో ఈ పక్షిని తిరిగి కనుగొన్న సంస్థ ఏది?' జవాబు: బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. రెండింటికీ మార్కులు పడతాయి. హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్‌లో పిల్లలతో కూర్చునే మేము కూడా ఇవే చెప్తాం. మార్కులు పోగొట్టుకోమని ఏ వార్డెనూ చెప్పదు కదా. అయితే ఈ సంచికకు వ్యాసం రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు, ఆ జవాబుల్లో పట్టని సంగతి ఒకటి రాద్దామనుకున్నాం. జంతువులను గుర్తుపట్టి, పేర్లు పెట్టి, పుస్తకాలకెక్కించిన చరిత్ర ఒకటుంది. అందులో మన యానాది పెద్దలు, మనలాంటి అడవి జాతులు, వేటగాళ్లు, ఎలుకలు పట్టేవాళ్లు, పాములు పట్టేవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. పుస్తకం అట్ట మీద మాత్రం లేరు.

ముందుగా ఈ జాబితా రాసే పని ఎలా జరుగుతుందో తెలియాలి. తెలియకపోతే ఎవరు ఏం చేశారో అర్థం కాదు. ఒక జంతువును శాస్త్రం ఒప్పుకోవాలంటే కళ్లతో చూశామని చెప్తే చాలదు. దాని శరీరం ఒకటి మ్యూజియంలో భద్రంగా ఉండాలి. దాన్ని మూల నమూనా అంటారు. ఆ నమూనా ఎలా ఉంది, దగ్గరి జాతులతో ఏ ఏ గుర్తుల్లో తేడా పడుతుంది అని వివరంగా రాసి అచ్చు వేయాలి. రెండు మాటల లాటిన్ పేరు పెట్టాలి. మొదటి మాట ప్రజాతి, అంటే ఇంటిపేరు లాంటిది. రెండోది జాతి. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో అచ్చు వేసిన గ్రంథం నుంచి జంతువుల పేర్లకు ఈ లెక్క మొదలైంది. ఆ పేరు వెనక వివరణ రాసినవాడి పేరు, అచ్చయిన సంవత్సరం తగిలిస్తారు. గమనించండి, రాసినవాడి పేరు తగిలిస్తారు. పట్టి తెచ్చినవాడి పేరుకు ఆ లెక్కలో చోటు లేదు. ఇది ఎవరో మన మీద కక్షతో చేసిన పని కాదు. పద్ధతే అలా పుట్టింది.

మన తెలుగు నేల మీద ఈ పని తొలినాళ్లలో జరిగిన చోట్లలో విశాఖపట్నం ఒకటి. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780లలో అక్కడికి వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ను ప్రకృతి పరిశోధకుడిగా నియమించుకుంది. పాము కాటుకు మనుషులు చనిపోతుంటే ఏది విషపు పామో, ఏది కాదో తేల్చి చెప్పాలన్నది ఆయన పట్టుదల. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఒక్కో పాముకు రంగుల బొమ్మ, పొలుసుల లెక్క, దానితో పాటు తెలుగు పేరు. రక్తపింజరికి ఆయన రాసుకున్న పేరు 'కాటుక రేకుల పొడ'. ఒక్కసారి ఆ పామును తలుచుకోండి. వీపు మీద కాటుక అద్దినట్టు నల్లని అంచులున్న రేకుల వరస. పేరులోనే గుర్తు చెప్పేశారు. ఆ పేరు పెట్టినవాళ్లు బడికి పోలేదు. కానీ జాతిని గుర్తించే పద్ధతి వాళ్లకు తెలుసు. లాటిన్ పేర్లు కూడా చేసేది ఇదే పని.

ఆ పాము ఇప్పుడు ప్రపంచమంతా 'రస్సెల్స్ వైపర్'. ఆయన దగ్గరికి పాములు తెచ్చినవాళ్ల పేర్లు మన దాకా రాలేదు. వాళ్ల మాట మాత్రం ఒకటి మిగిలింది. పసుపు, నలుపు పట్టీలతో ఉండే ఒక పామును వాళ్లు 'బంగారు పాము' అన్నారు. రస్సెల్ దాన్ని విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1803లో ఫ్రాన్స్‌కు చెందిన దోదాఁ అనే పండితుడు ఆ మాటనే తీసుకుని కట్లపాముల ప్రజాతికి 'బుంగారస్' అని పేరు పెట్టాడు. ఈ రోజు చైనాలోనైనా, ఇండోనేషియాలోనైనా కట్లపాము పేరు రాయాలంటే శాస్త్రవేత్తలు మన 'బంగారు' అన్న మాట రాయాల్సిందే. అదే సంవత్సరం రస్సెల్ విశాఖపట్నం చేపల మీద కూడా పుస్తకం వేశాడు, రెండు వందల చేపలతో. వాటికీ జాలర్ల నోటి తెలుగు పేర్లే ఆధారం.

ఎలుకల సంగతి ఇంకా బాగుంటుంది. మన పెద్దలకు ఎలుకలతో ఉన్న పొత్తు అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాం. 'బాండికూట్' అన్న ఇంగ్లీషు మాట మన 'పందికొక్కు'. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటల్లో దీన్ని మించి తిరిగింది ఇంకోటి లేదేమో. అక్కడి నుంచి ఆస్ట్రేలియా దాకా పోయి, ఎలుకే కాని, కడుపు సంచిలో పిల్లలను పెంచే వేరే జంతువుకు కూడా అంటుకుంది. పందికొక్కుల ప్రజాతికి శాస్త్రీయ నామం 'బాండికోటా'. దానికన్నా తక్కువ మందికి తెలిసినది మెట్ట ఎలుక కథ. వాల్టర్ ఎలియట్ అనే మద్రాసు సివిల్ ఉద్యోగి ధార్వాడ ప్రాంతంలో పనిచేసినప్పుడు అక్కడి జంతువుల జాబితా తయారుచేశాడు. 1839లో మద్రాసులో అచ్చయింది. ఆయనకు ఎలుకల గురించి చెప్పినవాళ్లు వడ్డెరలు. వాళ్లు తెలుగు మాట్లాడే మట్టిపని, రాతిపని వాళ్లు. పొలంలో ఏ కన్నం ఏ ఎలుకదో, ఏది గింజలు దాచుకుంటుందో, ఏది దాచుకోదో వాళ్లకు తెలుసు. కొక్కు కన్నాలు తవ్వి అది దాచిన ధాన్యం తీసుకుంటారని ఎలియట్ రాశాడు. ఇది చదివినప్పుడు మాకు మన తాతలు గుర్తొచ్చారు. కోతలయ్యాక గడ్డపలుగు భుజాన వేసుకుని గట్ల వెంట నడిచే మనుషులు. కన్నం దగ్గర కొత్త మట్టి పడి ఉందా లేదా చూసి, ఎలుక లోపల ఉందో లేదో చెప్పే మనుషులు.

ఒక ఏడు వానలు తప్పి మెట్ట ఎలుకలు విపరీతంగా పెరిగి, విత్తిన గింజలను కూడా తినేస్తే, రైతులు వడ్డెరలను పిలిపించి ఇన్ని డజన్లకు ఇంత గింజ అని కొలిచి ఇచ్చి చంపించారని కూడా ఎలియట్ రాశాడు. ఆ ఎలుకను వడ్డెరలు 'మెట్టడె' అనేవారట. లండన్‌లో గ్రే అనే పండితుడు 1837లో దానికి లాటిన్ పేరు పెడుతూ ఆ మాటనే వాడాడు. కాకపోతే అచ్చులో 'ట్ట' కాస్తా 'ల్ట' అయింది. మెల్టడా. ఎక్కడో రాతలో అక్షరం ఒకటి తప్పు చదివి ఉంటారు. శాస్త్ర నియమాల ప్రకారం మొదట అచ్చయినదే నిలుస్తుంది కాబట్టి ఆ ఎలుక నేటికీ 'మిల్లార్డియా మెల్టడా'. అందులో ఉన్నది పేరు తెలియని ఒక ఎలుకల వేటగాడి మాట. ముందున్న 'మిల్లార్డియా' ఒక తెల్లదొర పేరు.

ఇక్కడ ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఆ కాలంలో జంతువులను జాబితా రాసిన చేతులే మనల్నీ జాబితా రాశాయి. ఎడ్గార్ థర్స్టన్ 1885 నుంచి మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. సముద్రపు జీవుల మీద రాసినవాడే. ఆయనే మనుషుల తలలు, ముక్కులు కొలిచే పరికరాలు పట్టుకుని కొలతలు తీసి, 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అక్షర క్రమంలో మన జాతి చివరి సంపుటంలో వస్తుంది. అందులో పనికొచ్చే సమాచారం లేదని మేము అనం. మన పాత పాటలు, ఆచారాల గురించి వెతికేవాళ్లకు అది ఇప్పటికీ ఒక దారి. కానీ ఒక పక్క నమూనాల సీసాలు, ఇంకో పక్క మనుషుల ముక్కుల కొలతలు, రెండూ ఒకే కప్పు కింద. మన దగ్గర నుంచి జ్ఞానం తీసుకునేటప్పుడు మనల్ని జ్ఞానం ఉన్నవాళ్లుగా కాక ఇంకో నమూనాగా చూశారు. ఈ తేడా మీరు చదువుకున్నవాళ్లు కాబట్టి తొందరగా పట్టుకుంటారు.

ఇక కలివికోడి. థామస్ కావర్‌హిల్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా కూడా ఉన్నాడు. పక్షుల పిచ్చి. నెల్లూరు, కడప కొండల వైపు నుంచి ఆయనకు దొరికిన ఒక పిట్టను కలకత్తాలో మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో వర్ణించి పేరు పెట్టాడు. ఇప్పటి పేరు 'రైనోప్టిలస్ బైటార్క్వాటస్'. రెండో మాటకు అర్థం రెండు కంటెలు ఉన్నది అని. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమ రంగు పట్టీలు ఉంటాయి, అందుకు. జెర్డాన్ తన పుస్తకంలో దీని తెలుగు పేరును 'అడవి ఉట తిత్తి' అన్నట్టుగా రాసుకున్నాడు. ఉచ్చారణ అటూ ఇటూ అయ్యుండొచ్చు. 'తిత్తి' అన్నది మన 'తీతువు'కు చుట్టమని మాకనిపిస్తుంది. పిట్ట అరుపు నుంచి పుట్టిన మాట. ఆ పేరు దొర సొంతంగా కల్పించుకోలేదు. ఎవరో చెప్పారు. ఆ పిట్టకు అప్పటికే ఒక పేరుంది, ఊరి తీతువు వేరు, అడవి తీతువు వేరు అన్న వర్గీకరణ కూడా ఉంది. అంటే 1848కి ముందే అది 'కనిపెట్టబడిన' పిట్ట.

తర్వాత గోదావరి లోయలో భద్రాచలం వైపు బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని చూశాడు. 1900లో అనంతపురం దగ్గర కాంప్‌బెల్ చూశాడు. అంతే. ఆ తర్వాత ఎనభై ఐదేళ్లు పుస్తకాల్లో అది లేదు. పెద్ద పెద్దవాళ్లు వెతికారు. 1970లలో కూడా ఒక బృందం వచ్చి వెతికి ఒట్టి చేతులతో పోయింది. అంతరించిపోయిందని చాలామంది అనుకున్నారు. మధ్యలో ఒక తమాషా జరిగింది కానీ అది తెలిసింది చాలా ఆలస్యంగా. 1917లో కోలారు దగ్గర సేకరించిన ఒక గుడ్డు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పడి ఉంది. అది కలివికోడి గుడ్డేనని 2013లో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చారు. లోకంలో ఈ పిట్టది తెలిసిన గుడ్డు అదొక్కటే.

మరి ఎనభై ఐదేళ్లు ఎందుకు కనపడలేదు? పగలు వెతికారు గనక. ఆ పిట్ట రాత్రి తిరుగుతుంది. పగలు ముళ్ల పొదల నీడలో మట్టిరంగులో కలిసిపోయి కదలకుండా ఉంటుంది. ఈ ముక్క లంకమల కొండల కింద రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని తిరిగే వేటగాళ్లకు తెలుసు. వాళ్లను ఎవరూ అడగలేదు.

1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్లీ సర్వే మొదలుపెట్టినప్పుడు భరత్ భూషణ్ అనే యువ శాస్త్రవేత్త వేరే దారి పట్టాడు. ఊళ్లలో బొమ్మ చూపించి, పిట్టలు పట్టేవాళ్లను అడుగుతూ పోయాడు. కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడు ఐతన్న, ఆ పిట్ట తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో ఒక రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చాడు. శాస్త్రవేత్త చేతికి అందేలోపు పిట్ట బతకలేదు. అయినా ఆ దేహమే సాక్ష్యం. దశాబ్దాలుగా ఈ పిట్ట కోసం ఎదురుచూసిన సలీం అలీకి అప్పటికి 89 ఏళ్లు. మరుసటి ఏడు ఆయన కన్నుమూశారు. ఈ వార్త వినే భాగ్యం దక్కింది.

ఐతన్న పేరు ఈ కథ రాసిన చాలా చోట్ల ఉంది. భరత్ భూషణ్ దాన్ని దాచలేదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రస్సెల్‌కు పాము పట్టిచ్చినవాడి పేరు లేదు, ఎలియట్‌కు ఎలుక చూపించినవాడి పేరు లేదు, ఐతన్న పేరు ఉంది. రెండు వందల ఏళ్లలో జరిగిన మార్పు అంత. పరీక్షల గైడ్లలోకి ఇంకా రాలేదు.

పుస్తకంలో ఒక పేరు ఉంటే ఏమొస్తుంది, కూడు పెడుతుందా అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. కలివికోడికి ఏం జరిగిందో చూడండి. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట తిరిగే చిట్టడవిలోకి వచ్చేసరికి గొడవ కోర్టుల దాకా పోయి, కాలువ దారే మార్చాల్సి వచ్చింది. అరచేతిలో పట్టే పిట్ట కోసం కాలువ పక్కకు జరిగింది. జాబితాలో పేరుంటే అంత బలం. అదే అడవిలో కట్టెలకు, తేనెకు, పశువుల మేపుకు తిరిగిన మనుషుల పేర్లు ఏ జాబితాలో ఉన్నాయి? 2006 అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా ఆ ప్రశ్న అడగడానికి కూడా కాగితం లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల జాడలు చూసి, కెమెరాలు పెట్టి, రాత్రి అరుపు రికార్డు చేసి ఈ పిట్టను అధ్యయనం చేశారు. తేలిందేమిటంటే, దీనికి మరీ దట్టమైన అడవి పనికిరాదు, మరీ బోడి నేలా పనికిరాదు. పొదలకూ పొదలకూ మధ్య పరిగెత్తేంత ఖాళీ కావాలి. మితంగా పశువులు మేయడం, కట్టెలు కొట్టుకోవడం ఆ ఖాళీని నిలుపుతూ ఉండొచ్చని వాళ్లే రాశారు. అంటే మన వాళ్ల బతుకు, ఆ పిట్ట బతుకు ఒకే చిట్టడవిలో ఒకదాన్నొకటి చెరపకుండా సాగాయి. అడవికి కంచె వేసి మనుషులను పూర్తిగా తరిమేస్తే పిట్ట బాగుపడుతుందన్న లెక్క అంత సులువు కాదు. ఇప్పుడు దాని ఆనవాలు దొరకడమే మహా అరుదు.

వేట గురించి కూడా తిన్నగా మాట్లాడుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన తాతలు చేసిన పనుల్లో చాలా భాగం నేరం. అది మారదు, మారాలని మేము కోరం కూడా. కానీ ఆ పనితో పాటు వచ్చిన తెలివి నేరం కాదు. మన పక్క రాష్ట్రం ఇరులర్లను చూడండి. పాము చర్మాల వ్యాపారం ఆగిపోయాక వాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే మన ఆసుపత్రులకు వచ్చే పాముకాటు మందు తయారవుతుంది. వారిలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి కొండచిలువలు పట్టి చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నల్లమలలో పులి అడుగు చూసే చెంచుల కథా అలాంటిదే. ఒకప్పుడు దేశమంతా పులుల లెక్క అడుగుజాడలతోనే. ఇప్పుడు కెమెరాలు వచ్చాయి. కెమెరా ఏ చెట్టుకు కట్టాలో చెప్పడానికి మాత్రం ఆ దారి తెలిసిన మనిషే కావాలి.

భారత జంతు సర్వేక్షణ సంస్థ 1916లో ఏర్పడింది. అది 2024లో విడుదల చేసిన జాబితాలో మన దేశపు జంతుజాతులు 1,04,561. చిన్న చిన్న పురుగులతో సహా. ఏటా వందల్లో కొత్తవి చేరుతున్నాయి. ఇంత జాబితాలోనూ ఒక పురుగుకు మన భాషల్లో ఏమంటారో, ఏ కాలంలో వస్తుందో, దేని తర్వాత దేన్ని చూస్తే వాన పడుతుందో ఉండదు. అది రాయడానికి వేరే పుస్తకం ఉంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ పుస్తకమే.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊరి వాళ్లను అడిగి 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్' రాయాలి. ఊళ్లో ఏ జంతువులున్నాయి, ఏ చెట్లున్నాయి, వాటి స్థానిక పేర్లు, వాడకం, వాటి గురించి తెలిసిన సంగతులు. 2004 నియమాల్లో ఆ కమిటీ సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని రాశారు. పదేళ్లకు పైగా చాలా రాష్ట్రాల్లో ఇది కాగితం మీదే ఉంది. చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే జరిమానా అన్నాక హడావిడి మొదలైంది. దేశంలో రెండు లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయి. హడావిడిగా రాసినవి ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మేము చూసిన ఒక రిజిస్టరులో పక్షుల పేజీలో కాకి, పిచ్చుక, నెమలి, కోడి, చిలుక ఉన్నాయి. ఆ పంచాయతీలో మన కాలనీ ఉంది. ఆ కాలనీ పిల్ల ఒకతె మా హాస్టల్లో ఏడో తరగతి చదువుతోంది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని పది నిమిషాల్లో ముప్పైకి పైగా పిట్టల పేర్లు చెప్పింది.

ఆ రిజిస్టరు నమూనాలో ఇంకో పేజీ ఉంటుంది. జీవవైవిధ్యం గురించి బాగా తెలిసినవాళ్లని ఊరు భావించే వ్యక్తుల జాబితా. రస్సెల్ కాలం నుంచి ఖాళీగా ఉన్న గడి అది. ఇప్పుడు ప్రభుత్వమే గీసి ఇచ్చింది. మేము చూసిన పుస్తకంలో ఆ పేజీ తెల్లగా ఉంది.

రిజిస్టరు ఒకసారి రాసి బీరువాలో పెట్టి తాళం వేసేది కాదు. ఎప్పటికప్పుడు చేర్పులు చేయవచ్చు. మీలో డిగ్రీ చదివినవాళ్లు, సచివాలయాల్లో పనిచేసేవాళ్లు, వాలంటరీ సంస్థల్లో ఉన్నవాళ్లు ఉన్నారు. మీ పంచాయతీ రిజిస్టరు ఎక్కడుందో అడగండి. కమిటీలో ఎస్టీ సభ్యుడి పేరు ఏమిటో, ఆ సభ్యుడికి తాను సభ్యుడినని తెలుసో లేదో కనుక్కోండి. రెండోదే ఎక్కువ అవసరం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రాయడం అన్నిసార్లూ మంచిది కాదు. గుత్తి రైలు కలప యార్డులో దొరికిన ఒక నీలి సాలీడును 1899లో పోకాక్ అనే ఆయన వర్ణించాడు. తర్వాత వందేళ్లు ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. రంగు అందంగా ఉంటుందని విదేశాల్లో దాన్ని పెంచుకునేవాళ్లు పెరిగారు, అడవి నుంచి దొంగతనంగా తరలిస్తారన్న భయం పట్టుకుంది. చోటు చెప్తే దొంగ వస్తాడు. అందుకని పేరు, గుణం, కాలం రాయండి. గూడు ఉన్న చెట్టు, గుట్ట, వాగు మలుపు రాయకండి. పెద్దవాళ్లు బయటపెట్టొద్దన్న సంగతి వాళ్లతోనే ఉండనివ్వండి. పేరు రాసే ముందు వాళ్లను అడగండి.

మా హాస్టల్లో రెండు సంక్రాంతి సెలవుల నుంచి ఒక లాంగ్ నోటుబుక్కు నడుస్తోంది. పిల్లలు ఇంటికి వెళ్లేటప్పుడు ప్రశ్నలు రాసుకుని వెళ్తారు, అవ్వలను, తాతలను అడిగి వస్తారు. గడులు ఐదు: పేరు, గుర్తు, ఎక్కడ ఉంటుంది, ఏ కాలంలో, చెప్పినవారు. ఐదో గడి నింపకుండా తెస్తే మేము తీసుకోం. మొదట్లో 'మా అవ్వ' అని రాసుకొచ్చేవాళ్లు. అవ్వకు పేరు లేదా అని వెనక్కి పంపాం. ఇద్దరు పిల్లలకు అవ్వ అసలు పేరు అప్పుడే తెలిసింది.

ఈసారి ఒక తగువు వచ్చింది. ఒక కాలనీ పిల్లలు తీతువు అంటే కంటి ముందు ఎర్ర తోలు ఉన్న పిట్ట అంటారు, నీళ్ల దగ్గర తిరిగేది. పక్క కాలనీ పిల్లలు కాదు, పసుపుపచ్చ తోలు వేలాడేది, ఎండు బీట్లో ఉండేది అంటారు. పుస్తకం చూస్తే అవి రెండూ వేర్వేరు జాతులే. మరి రెండోదానికి మొదటి కాలనీలో ఏమంటారు? ఎవరికీ తెలియదు, ఒక తాతకు తెలిసి ఉండొచ్చని చెప్పారు. ఆయనకు చెవులు సరిగా వినపడవట, పక్కన కూర్చుని గట్టిగా అడగాలట. అందాకా ఆ గడి పెన్సిలుతో రాసి ఉంచాం.